తెల్ల పడుగుల మీద దిగిన విమానం

మొన్న మంగళవారం వనపర్తి గ్రంథాలయంలో ఎప్పటిలాగే కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని పేపరు తిరగేస్తుంటే, లోపలి పేజీలో అడుగున ఒక చిన్న వార్త కంటబడింది. ఎక్కడో ఉత్తరాదిన, చిన్న విమానం నడపడం నేర్చుకుంటున్న కుర్రవాడొకడు దారి తప్పి పోకూడని ఆకాశంలోకి పోయాడట. కింది నుంచి రేడియోలో పిలిచి, దగ్గరలోని మైదానంలో దింపించి, కాగితాలు చూసి, నాలుగు మాటలని పంపించేశారట. నా ఎదుట కూర్చున్న పాత హెడ్మాస్టరు గారు కూడా అది చదివి, ఆకాశానికి సైతం కంచెలూ కావలివాళ్ళూ ఉంటారా అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పేపరు మడిచిపెట్టి ఇంటికి వచ్చేశాను. యాభై ఏళ్ళ కిందటి రోత ఇంకా లోపల అట్లాగే ఉందని ఆ పూట తెలిసింది.

నైజాం రోజులు చూసిన నా ఈడు వాళ్ళకు ఎక్కువ విడమరచి చెప్పనక్కరలేదు. నాకప్పుడు ఇరవై ఒకటో ఇరవై రెండో. గద్వాల ఠాణాలో మొహరిర్‌ని, అంటే వచ్చినవాళ్ళు తెలుగులో చెప్పుకున్నదాన్ని ఉర్దూలో కాగితం మీద పెట్టే రాతగాణ్ణి. నా చిన్నతనంలోనే నాయన పోతే అమ్మ నన్ను వెంటబెట్టుకుని తమ్ముడింటికి చేరింది. ఆ మేనమామ నేతగాడు. నూలు చీరకు పట్టు అంచును పోగుకు పోగు ముడివేసి అతకడం మా ఊరి పని; మామ అతికితే ఆ అతుకు ఎక్కడుందో కొన్నవాళ్ళు వెలుతురుకు పట్టి వెతికినా దొరికేది కాదు. అట్లాంటివాడు నన్ను మాత్రం మగ్గం గుంటలో దిగనివ్వలేదు. ఇంట్లో ఒక్కడైనా కాగితం చదివేవాడు ఉండాలని పంతం పట్టి ఉర్దూ బడికి పంపాడు. నాకు ఠాణాలో పని దొరికాక, పనేమీ లేకపోయినా వారానికొకసారి ఆ తోవన నడిచి, కిటికీలోంచి నేను కలం పట్టుకుని కూర్చోవడం చూసి, పలకరించకుండానే వెళ్ళిపోయేవాడు. నేను చూసీ చూడనట్లు ఉండేవాణ్ణి. తోటివాళ్ళ ముందు అంచు చినిగిన పంచెవాడు నా మేనమామ అని చెప్పుకోవడానికి మొహమాటపడేవాణ్ణి. రోత అన్నాను కదా, అది అక్కడినుంచే మొదలు.

దేశానికి స్వరాజ్యం వచ్చి, మాకు రాని రోజులవి. తుంగభద్రకు అవతలి గట్టు యూనియన్ సర్కారుది, ఇవతలిది నైజాముది. రైళ్ళలో సోదాలు, రేవుల్లో కావలి. నేల మీది హద్దు చాలనట్లు ఆకాశానికీ హద్దు గీశారు: అవతలి విమానమేదీ అనుమతి లేకుండా ఇటు రాకూడదు, వస్తే వెంటనే ఖబరు చేయాలి, విమానానికి కింది నుంచి బట్టతోగానీ, మంటతోగానీ, అద్దంతోగానీ సైగ చేసినవాళ్ళను ఖైదు చేస్తారు. ఆ హుకుంనామాను తెలుగు చేసి వీధి వీధినా డప్పు వెంట తిరిగి చదివి వినిపించింది నేనే. మా సాలెవాడలో చదివినప్పుడు మామ గంజి కుంచె చేతిలో పట్టుకునే విన్నాడు. విని, పైన పోయేటోడు మనల్ని చూస్తడా, మనం వాన్ని చూస్తమా అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

ఆ ఎండాకాలంలోనే ఒక పొద్దున, ఇంకా ఎనిమిది కాలేదు, ఆకాశంలో మోటారు శబ్దం వినిపించింది. దుమ్ము గాలి లేచి మబ్బు పట్టినట్లున్న ఉదయం. సాలెవాడ వెనకనున్న ఖాళీ జాగాలో నాలుగు పడుగులు సాగదీసి ఉన్నాయి. చీర నేసే ముందు నిలువు పోగులన్నిటినీ బారుగా నేలకు జానెడు ఎత్తున కట్టి, గంజి పట్టించి ఆరబెడతారే, అవి. తెల్లటి నూలు, ఒక్కొక్కటీ వీధంత పొడవు, ఒకదాని పక్కన ఒకటి గీత గీసినట్లు. అందులో రెండు మా మామవి. ఆ చిన్న విమానం రైలు పట్టాల మీదుగా వచ్చి, ఊరి చుట్టూ రెండుసార్లు తిరిగి, మోటారు దగ్గుతుండగా కిందికి కిందికి దిగి, నేరుగా ఆ తెల్ల గీతల నడుమకే వచ్చింది. కుంచెలు పారేసి జనం చెల్లాచెదురయ్యారు. చక్రాలు నేల తాకి మామ పడుగులు రెండింటినీ తెంపుకుంటూ, పోగులన్నీ చుట్టుకుంటూ పోయి ఒక గుంటలో దిగబడి, ముక్కు నేలకు ఆనించి ఆగిపోయింది.

అందరూ దూరం పోతుంటే దగ్గరకు పోయింది మామా అత్తా ఇద్దరే. నా కంటే రెండు మూడేళ్ళు పెద్దవాడేమో, నుదుటి మీద నెత్తురు కారుతున్న, ఆ విమానం నడిపిన మనిషిని కిందికి దించి, అత్త కొంగు చింపి కట్టు కట్టి, చెంబుతో నీళ్ళిచ్చింది. అతను తాగి, ఇది కర్నూలే కదా అని అడిగాడట. గద్వాల నాయినా అని మామ చెప్పగానే ఆ మనిషి మొహం చూడలేకపోయామని అత్త తరవాత చెప్పింది. తుంగభద్ర అనుకున్నది కృష్ణ అయింది, దుమ్ములో ఒక నది దాటిందే తెలియలేదు, పట్టాలు చూసి వేరే లైను అనుకున్నాడు, పెట్రోలు అయిపోవచ్చింది, కింద తెల్ల గీతలు కనబడితే విమానాలు దిగే మైదానానికి గుర్తులు గీశారనుకున్నాడు. సంగతి అంతే. దారి తప్పిన మనిషి. తెగిన పోగులు చూసి అతను చేతులు జోడించాడట కూడా. మామ ఆ తెగిన పోగుల సంగతి ఎత్తనేలేదు. విమానం రెక్క ఇనుముది కాదు, కట్టె చట్రం మీద బిగించిన గుడ్డ అని చూసి, వేళ్ళతో తడిమి, నేత గట్టిగుందని మెచ్చుకున్నాడట.

ఠాణాకు కబురు వచ్చి, జవాన్లతో నేను పోయేసరికి గంట దాటింది. ఆ గంటలో మొదలై మేము పోయాక కూడా ఆగనిది చెప్పాలంటే ఇప్పటికీ నోరు చేదవుతుంది. పారిపోయిన జనమే తిరిగి వచ్చి, కొడవళ్ళతో రెక్కల గుడ్డ కోసుకున్నారు. మెత్తలు పోయాయి, తోలు పట్టీలు పోయాయి, అద్దం పోయింది. ఒకడి చేతిలో ఉన్నదాన్ని ఇంకొకడు గుంజుకోవడం, గుంజుకుంటూ నవ్వుకోవడం, కట్టు కట్టుకుని రాయి మీద కూర్చున్న ఆ కుర్రవాడు చూస్తున్నాడన్న సిగ్గు కూడా లేకపోవడం. మా కులపెద్ద, పెళ్ళిళ్ళలో తాంబూలం మొదట ఆయనకే ఇవ్వాలి, లోపలి గడియారాన్ని ఊడబీకి అంగీ కింద దాచుకోవడం నా కళ్ళతో చూశాను. నేను చూశానని ఆయనా చూశాడు.

మధ్యాహ్నానికి మా అమీను, అంటే ఠాణా పెద్ద, గుర్రం మీద వచ్చాడు. పైనుంచి విమానం దిగేదాకా ఈయనకు ఖబరు లేదంటే కొలువు పోయే మాట. కాబట్టి వచ్చీ రాగానే తుపాకీ పట్టుకుని విమానం పక్కన నిలబడి, తానే పట్టుకున్నట్లు ఫోటో తీయించుకున్నాడు. తరవాత ఆ కుర్రవాణ్ణి ఠాణాకు తెచ్చి కూర్చోబెట్టి వివరం అడిగితే, వాళ్ళ నాయనకు బళ్ళారి వైపు పత్తి మిల్లులున్నాయనీ, ఇక్కడి పెద్ద పెద్దవాళ్ళతోనే పరిచయాలున్నాయనీ తెలిసింది. అంతే, కుర్చీ మీద దిండు వచ్చింది, చల్లటి నీళ్ళు వచ్చాయి, సాయంత్రానికి పులావు వచ్చింది. గద్దించిన గొంతులోనే అంత తేనె ఎట్లా ఊరిందో, పక్కన కూర్చున్న నాకే వెగటు పుట్టింది.

అయినా ఎవరో ఒకరు దోషి కావాలి కదా. దారి తప్పి వచ్చాడని రాస్తే అమీనుకు ఒరిగేదేమీ లేదు. కుట్ర పట్టుకున్నానని రాస్తే పేరు. ఆ కుర్రవాడు తెల్ల గీతల మాట చెప్పినప్పుడు దాన్ని ఉర్దూలో పెట్టింది నేనే. చెబుతుండగానే అమీను కళ్ళు మెరిశాయి. కింద తెల్లబట్ట పరిచి పిలిచారన్నమాట అన్నాడు. అది బట్ట కాదు హుజూర్, పడుగు, రోజూ ఆరబెట్టేదే అని నేను ఒకసారి అన్నాను. ఒక్కసారే. ఆయన నా వైపు తిరిగి, ఎవరిది ఆ పడుగు, నీకు తెలుసా అని అడిగాడు. నా మేనమామది అనాల్సిన చోట, సాలెవాళ్ళది అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చినప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తోంది, రోజుకొకసారి.

మర్నాడు మామను పిలిపించారు. ఏదో తెగిన పడుగుకు పరిహారం రాసుకోవడానికి అనుకుని ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు పాపం. నన్ను చూడగానే ఆయన మొహంలో భయం పోయింది. ఎవరో తెలియనివాడిలా నేను కాగితం వైపే చూస్తూ కూర్చున్నాను. చుట్టరికం బయటపడితే నన్నూ ఆ గాటనే కట్టేస్తారన్న భయం నా ఒళ్ళంతా పాకింది. అమీను చెబుతూ పోయాడు, నేను రాస్తూ పోయాను. నది అవతలివాళ్ళు చెప్పినందున, విమానం దిగడానికి గుర్తుగా తెల్లబట్ట నేనే పరిచాను అని మామ నోటితో అన్నట్లుగా, ఆయన అనని మాటలు, ఆయనకు రాని భాషలో, నా చేతి రాతతో. పంచులుగా, అంటే సాక్షులుగా, మా కులపెద్దా ఇంకొకాయనా నిలబడ్డారు. ఆ గడియారం అప్పటికి ఎవరి ఇంట్లో ఉందో నాకు తెలుసు. అవునవును, మేమూ అనుకున్నాం, ఎన్నడూ లేనిది ఆ పొద్దు పడుగులు గంత బారుగ ఎందుకు పరిచిండో అని ఆయన సాక్ష్యం చెప్పాడు.

కాగితం మామ ముందు పెట్టారు. ఆయన అమీను వైపు చూడలేదు, కులపెద్ద వైపు చూడలేదు. నా వైపు చూశాడు.

"అల్లుడా, గిది నువ్వే రాసినవు గద?"

"అవు మామా."

"అయితే సరే" అని వేలు ముందుకు చాచాడు.

ఆ బొటనవేలికి సిరా రాసింది కూడా నేనే. మామా అన్న మాట విని అమీను తల ఎత్తాడు. ఒక నిమిషం ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నా భుజం మీద తట్టి, సర్కారు పని ముందు చుట్టరికం చూడనివాడే అసలు నౌకరు అని మెచ్చుకున్నాడు. ఏ తిట్టూ ఇన్నేళ్ళలో నన్ను ఆ మెచ్చుకోలు కాల్చినట్లు కాల్చలేదు.

మామను అక్కడే కటకటాల్లో పెట్టారు. రెండు గదుల అవతల విమానం కుర్రవాడికి నవారు మంచం వేశారు. ఒక సాయంత్రం అతను వరండాలో పచార్లు చేస్తూ కటకటాల వైపు చూసి ఆగి, నాకు నీళ్ళిచ్చినాయన ఈయనే కదా, ఈయన్నెందుకు పెట్టారు అని నన్ను అడిగాడు. చెప్పాను. మొహం పాలిపోయింది. తప్పు నాది, మా నాయనతో చెప్పి విడిపిస్తాను అన్నాడు. వారం పది రోజులకు అవతలినుంచి ఉత్తరాలు వచ్చాయి, పైనుంచి ఉత్తర్వు వచ్చింది, అతన్ని రైలెక్కించి నది దాటించారు. స్టేషనులో అమీను స్వయంగా మెడలో దండ వేశాడు. పోకూడని ఆకాశంలో ఎగిరినవాడు దండతో పోయాడు. నేల మీద నిలబడి నూలు ఆరబెట్టుకున్నవాడు సంకెళ్ళతో జిల్లా జైలుకు పోయాడు. ఆ కుర్రవాడు వాళ్ళ నాయనతో చెప్పాడో లేదో నాకు తెలియదు. మాకు మాత్రం ఒక్క ఉత్తరం ముక్క రాలేదు.

అత్త ఠాణాకు వచ్చింది ఒక్కసారే. నేను బయటకు పోయి నిలబడ్డాను. అరవలేదు, ఏడవలేదు. గా కాగితం నువ్వే రాసినవని వాడల అందరు చెప్తుండ్రు, నువ్వుంటివి గదా, నువ్వు చూసుకుంటవు గదా అని నేను నిమ్మళంగ పండుకున్న అంది. నేను ఏదో నసిగాను, పైవాళ్ళ చేతుల్లో ఉందన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, కాళ్ళ దగ్గర ఉమ్మి, కొంగుతో మూతి తుడుచుకుని వెళ్ళిపోయింది. అమ్మ ఆ రోజునుంచీ నాకు వడ్డించేది గానీ ఎదురుగా కూర్చునేది కాదు.

వానాకాలం చివర యూనియన్ సైన్యం వచ్చింది. ఊరి మీదుగా విమానాలు పోతే ఈసారి జనం డాబాలెక్కి చేతులూపారు. నాలుగో రోజు ఠాణా ముందు కొత్త జెండా ఎగరేసినప్పుడు తాడు పట్టుకున్నది మా అమీనే. నెత్తి మీద కొత్త టోపీ, నోట్లో కొత్త నినాదం. కులపెద్ద దండలు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. నేను ఆ గుంపులోంచి బయటకు వచ్చి ఠాణా వెనక గోడకు ఆనుకుని కక్కుకున్నాను. ఆ సాయంత్రమే కలం బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఇది గొప్పకు చెప్పడం లేదు. ఐదు నెలల ముందు పెట్టవలసిన కలం అది.

జైలు తలుపులు తెరిచినప్పుడు మామ నడిచి ఇంటికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు, అది కూడా సరిపెట్టుకోవచ్చు, వేళ్ళు పోయాయి. రాళ్ళు కొట్టి కొట్టి కీళ్ళు బిగుసుకుపోయి, చూపుడు వేలూ బొటనవేలూ కలిసి పోగును పట్టుకోలేకపోయేవి. కళ్ళకు కనబడని ముడి వేసిన చేతులు నూలు ఉండలు చుట్టే పనికి దిగాయి. మగ్గం గుంటలో ఆయన కొడుకు కూర్చునేవాడు, ఆయన గట్టు మీద కూర్చుని, ఇట్ల కాదు అట్ల అని నోటితో చెప్పేవాడు.

ఆయన నన్ను ఒక్క మాట అడగలేదు. అందుకే నేనే చెప్పాలనుకున్నాను. వనపర్తిలో బడిపంతులుగా పని దొరికి, బయలుదేరే ముందు రోజు, ఆయన పక్కన కూర్చుని, ఆ కాగితంలో ఏముందో తెలుగులో మొదటినుంచి చివరిదాకా చెప్పాను. నాకు ప్రతి అక్షరం కంఠతా వచ్చు. చుట్టరికం దాచిన సంగతీ చెప్పాను. ఉండ చుడుతూనే విన్నాడు. పూర్తయ్యాక చెయ్యి ఆపి, కొంచెం ఆలోచించి అడిగాడు.

"అండ్ల నా పడుగులు తెగినయని రాసినవా?"

"లేదు మామా."

"రెండు పడుగులు. రెండూ తెగె. గా ముక్క గూడ రాయలె?"

"రాయలే."

నన్ను కొడతాడేమో అనుకున్నాను, కొడితే బాగుండునని ఆశపడ్డాను. ఆయన నా వైపు చూసిన చూపులో కోపం లేదు. అన్నంలో పురుగు కనబడినప్పుడు మనిషి చూసే చూపు అది. నూలు ఉండ తీసుకుని, మోకాళ్ళు పట్టుకుని లేచి, లోపలికి పోయి కూర్చున్నాడు. ఆ తరవాత పద్నాలుగేళ్ళు బతికాడు. పండుగకూ పబ్బానికీ పోతే, వచ్చినవా, తిన్నవా అని అడిగేవాడు. అంతకు మించి ఏదీ మా మధ్య మిగలలేదు.

ఇప్పుడు గద్వాలలో ఆ ఖాళీ జాగా లేదు, ఇళ్ళొచ్చాయి. ఊళ్ళ మీదుగా రోజూ ఎన్ని విమానాలు పోతాయో, తల ఎత్తి చూసేవాడు లేడు. నేను చదువు చెప్పిన పిల్లలు తాసీల్దార్లయ్యారు, పోలీసులూ అయ్యారు. పొద్దుపోక అప్పుడప్పుడు వాళ్ళ కచేరీలకు పోయి కూర్చుంటాను. కిందటి నెల గట్టు అనే ఊరి దిక్కునుంచి వచ్చిన ఒక ముసలామె, రాతగాడు కాగితం ముందుకు తోసి వేలు పెట్టమంటే, చెయ్యి కొంగులో దాచుకుని, ముందుగాల చదువు, చదివి వినిపియ్యి, నా మనుమడొచ్చి మళ్ళ సదువుతడు, గప్పుడు పెడ్త అని మొండికేసింది. రాతగాడు విసుక్కున్నాడు, వెనక నిలబడ్డవాళ్ళు గొణిగారు. ఆమె కదల్లేదు. మనం చూసిన కాలానికీ ఈ కాలానికీ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే, రోడ్లూ కరెంటూ కాదు, ఆమెనే చూపిస్తాను. మన వాళ్ళు సొంత మనిషి రాశాడంటే చాలు, వేలు చాచేవాళ్ళు. ఆ నమ్మకం పోయిందని కొందరు బాధపడతారు. పోవడమే మంచిదయింది. దాని మీద కూర్చుని రాసిన చెయ్యి నాది కనుక ఆ మాట నేను అనగలను.